నిల్ రిపోర్టు కూడా రిపోర్టే: కంప్యూటర్లకు కావలి కాసే చిన్న ప్రోగ్రాముల చరిత్ర



ఇంతవరకు మేము రాసినవన్నీ మన వలసలు, గుళ్ళు, చెరువులు, రైలు దారుల చరిత్రలు. ఈసారి కంప్యూటర్ల పక్కకు పోతున్నాము. రిటైరైన రైల్వే గుమాస్తాకు ఇందులో ఏం పని అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మన సంఘంలో చాలా ఇళ్ళ పిల్లలు ఇప్పుడు బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు, పూణె కంపెనీల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. ఏం పని నాయనా అంటే "మానిటరింగ్" అంటారు. పెళ్ళిచూపుల్లో ఆ మాట చెప్తే అవతలి వాళ్ళకు అర్థం కాదు. నిజం చెప్పాలంటే ఇవతల కూర్చున్న మనకూ అర్థం కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఊరికే చూస్తూ ఉంటాడట అని ముసలివాళ్ళు గొణుగుతారు. ఊరికే చూడడం అని దేన్ని అంటున్నామో, ఆ పనికి పాతికేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో కావలి ఉంది, నిజం చెప్పే కట్టుబాటు ఉంది, పేరు కోసం వచ్చిన తగవు ఉంది. మన మాదిరి జనానికి ఆ తగవు బాగా అర్థమవుతుందని మా నమ్మకం.

మొదట పని ఏమిటో చెప్తాము. ఒక పెద్ద కంపెనీకో, ఆసుపత్రికో, బ్యాంకుకో వందల కంప్యూటర్లు ఒక గదిలో రాత్రింబవళ్ళు నడుస్తూ ఉంటాయి. వాటిని సర్వర్లు అంటారు. ఒకదానిలో డిస్కు నిండిపోతుంది. ఇంకొకదానికి లైను తెగిపోతుంది. మరొకటి బతికే ఉంటుంది కానీ అడిగినదానికి జవాబు చెప్పదు. ఎవరో ఒకరు తిరుగుతూ చూడాలి. మన రైల్వేలో కీమ్యాన్ రోజూ తన బీటు పొడుగునా నడిచి, పట్టాల కీలు వదులయ్యాయా, బోల్టు ఊడిందా అని చూసినట్టే. పట్టా విరిగాక చెప్పడానికి కీమ్యాన్ అక్కరలేదు. విరగబోయే ముందే చెప్పడానికి కావాలి.

ఈ కీమ్యాన్ పనిని ప్రోగ్రాములకు అప్పగించిన వాళ్ళలో పేరు పొందినవాడు అమెరికాకు చెందిన ఈథన్ గాల్‌స్టాడ్. 1996లో ఆయన ఎంఎస్ డాస్ మీద నడిచే ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. అది నోవెల్ నెట్‌వేర్ సర్వర్లను "ఉన్నావా?" అని పలకరించి, జవాబు రాకపోతే పేజరుకు అంకెల సందేశం పంపేది. ఆ పలకరింపునే పింగ్ అంటారు. ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. పలకరించే పనిని ఆ ప్రోగ్రాము తాను చెయ్యదు. వేరే ప్రోగ్రాములతో చేయించి, వాళ్ళు చెప్పింది వింటుంది. ఈ పంపకమే తర్వాత వచ్చిన చరిత్రకంతా పునాది అయింది.

1999లో ఆయన లినక్స్ మీద నడిచే పెద్ద రూపాన్ని నెట్‌సెయింట్ అనే పేరుతో విడుదల చేశాడు. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇచ్చాడు. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, లోపల తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు ఇస్తే ఆ హక్కులు వాళ్ళకూ ఇవ్వాలి. దీన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు చిక్కు వచ్చి 2002లో పేరు మార్చవలసి వచ్చింది. కొత్త పేరు నాగియోస్. గ్రీకు భాషలో ఆగియోస్ అంటే సాధువు, పాత పేరులోని సెయింటు అన్నమాట. ఈ సాధువు సాధుత్వం కోసం పట్టుబట్టడు అని అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు.

అదే 1999 మన రైల్వేకు కూడా గుర్తుండే సంవత్సరం. రిజర్వేషన్ కంప్యూటర్ 1985లో ఢిల్లీలో మొదలైంది. కాన్సర్ట్ అనే కొత్త పద్ధతి 1994లో సికింద్రాబాదులో మొదట నడిచింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. అప్పటినుంచి ఏ ఊరి కిటికీ దగ్గరైనా ఏ ఊరినుంచైనా టికెట్టు తీసుకునే వీలు వచ్చింది. కానీ కలిసినవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ఒక చోట లైను పోతే ఇంకో ఊళ్ళో క్యూ నిలిచిపోతుంది. లోకమంతా అదే సమయంలో ఇట్లా కలిసిపోయింది. కాబట్టే కావలివాళ్ళ అవసరం అప్పుడే పుట్టుకొచ్చింది.

ఇక అసలు కథకు వస్తున్నాము. నాగియోస్ అనేది కంట్రోల్ ఆఫీసు లాంటిది. అది ఎవరిని ఎప్పుడు అడగాలో, ఎవరికి కబురు పంపాలో చూసుకుంటుంది. డిస్కు ఎంత నిండిందో దానికి తెలియదు. మెయిలు పోతున్నదా లేదా తెలియదు. దాన్ని తెలుసుకు రావడానికి చిన్న చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. వాటినే ప్లగిన్లు అంటారు. చెక్ పింగ్ పలకరించి వస్తుంది. చెక్ డిస్క్ డిస్కులో చోటు చూసి వస్తుంది. చెక్ హెచ్‌టీటీపీ వెబ్‌సైటు తెరుచుకుంటుందా అని చూసి వస్తుంది, దాని సర్టిఫికెట్ గడువు ఎన్ని రోజుల్లో తీరుతుందో కూడా చెప్తుంది. చెక్ లోడ్ కంప్యూటర్ మీద ఎంత బరువు పడిందో చూస్తుంది. ఎక్కువ భాగం సి భాషలో, కొన్ని పెర్ల్ భాషలో, కొన్ని షెల్ స్క్రిప్టులుగా రాశారు. ఇవి గాల్‌స్టాడ్ ఒక్కడి పని కాదు. నాగియోస్ ప్లగిన్స్ అనే పేరుతో వేరే బృందం, వేరే ప్రాజెక్టుగా నడిపింది. దేశదేశాల సిస్టం అడ్మినిస్ట్రేటర్లు తమ ఆఫీసులో ఎదురైన చిక్కును విప్పుకుని, ఆ విప్పినదాన్ని అందరికీ పంపారు.

ఇంతమంది రాసినవి ఒక్క కంట్రోల్ ఆఫీసుకు ఎట్లా అర్థమయ్యాయి? ఒక ఒప్పందం వల్ల. ఆ ఒప్పందం అరచేతిలో పట్టేంత చిన్నది. ప్లగిన్ తన పని ముగించి పోయేటప్పుడు ఒక అంకె ఇచ్చి పోవాలి. 0 అంటే బాగుంది. 1 అంటే జాగ్రత్త. 2 అంటే ప్రమాదం. 3 అంటే తెలియదు. దానితోపాటు ఒక వరుస మాట చెప్పాలి, చిన్నగా, సూటిగా. మామూలుగా పది సెకండ్ల లోపల పని ముగించాలి. అది ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటే కంట్రోల్ ఆఫీసు ఎదురు చూస్తూ ఉండలేదు.

0, 1, 2 స్క్రీను మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో వస్తాయి. రైల్వే వాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ మమ్మల్ని కట్టిపడేసింది ఆ 3. నారింజ రంగు. "తెలియదు."

మేము సర్వీసులో ఉన్న రోజుల్లో ప్రతి ఆఫీసుకూ నెలవారీ స్టేట్‌మెంట్లు వచ్చేవి. ఒక స్టేషనులో ఆ నెల చెప్పవలసింది ఏమీ లేకపోతే "నిల్" అని రాసి పంపాలి. ఏమీ లేదు కదా అని పంపకుండా ఉండకూడదు. ఎందుకంటే నిల్ అని వచ్చిన కాగితం వేరు, అసలు రాని కాగితం వేరు. నిల్ అంటే చూశాము, ఏమీ లేదు. కాగితం రాలేదంటే ఎవరూ చూడలేదని. కొత్తగా చేరిన గుమాస్తాలు ఈ రెండింటినీ ఒకే గడిలో సున్నా వేసి కలిపేసేవాళ్ళు. పాత హెడ్ క్లర్కులు దాన్ని ఒప్పుకునేవాళ్ళు కాదు. సిగ్నల్ నిబంధన కూడా అదే చెప్తుంది. దీపం ఆరిపోయిన సిగ్నల్ కనబడితే, అది చూపగలిగిన అన్ని సూచనలలో ఎక్కువ కట్టడి అయినదాన్నే చూపిస్తున్నట్టు డ్రైవరు లెక్క వేసుకోవాలి. వెలుగు లేదంటే దారి బాగుందని కాదు.

ప్లగిన్ల చరిత్రలో సరిచేసిన తప్పులను, అంటే బగ్గులను చూస్తూ పోతే చాలావాటి వెనుక ఈ ఒక్క సంగతే ఉంది. చూడకుండా బాగుంది అనడం, లేదా చూసినదాన్ని తప్పుగా చదవడం. మా చెల్లెలి కొడుకు బెంగళూరులో ఈ పనే చేస్తాడు. వాడు మాతో అన్నాడు, "మామా, ఎరుపు వస్తే మాకు భయం లేదు, పోయి చూస్తాం. తెల్లవార్లూ అంతా పచ్చగా ఉంటేనే భయం."

కొన్ని ఉదాహరణలు చెప్తాము. సాంకేతికం అని దాటిపోవద్దు, అన్నీ మన ఇంటి లెక్కలే.

మొదటిది భాష చిక్కు. చెక్ పింగ్ తానే పింగ్ చెయ్యదు. కంప్యూటరులో ముందే ఉన్న పింగ్ ప్రోగ్రామును పిలిచి, అది చెప్పిన మాటలు చదువుతుంది. ఆ మాటలు ఒక్కో రకం యూనిక్స్‌లో ఒక్కో తీరులో ఉంటాయి. పైగా కంప్యూటరుకు జర్మన్ భాష పెట్టి ఉంటే, పిలిచిన ప్రోగ్రాము జర్మన్‌లో జవాబు చెప్పవచ్చు. జర్మన్ లెక్కల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. ఒకటిన్నరను 1,5 అని రాస్తారు. ఇంగ్లీషు తీరు కోసం ఎదురు చూసే ప్లగిన్ ఆ కామా దగ్గర ఆగిపోయి 1 అని చదివితే లెక్క తప్పుతుంది. అందుకని బృందం ఒక పద్ధతి పెట్టింది. వేరే ప్రోగ్రామును పిలిచేటప్పుడు భాషను "సి" అనే ఉమ్మడి భాషకు మార్చి పిలుస్తారు. ఎవరి భాష ఏదైనా సరే, ఈ పనికి మాత్రం ఉమ్మడి భాషలో జవాబు చెప్పు అని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనకు దీన్ని విడమరచి చెప్పాలా? ఎవరితో ఏ భాష అన్నది ముందే తేలకపోతే ఎంత మంచి సమాధానమైనా తప్పుగా వినబడుతుంది. ఉమ్మడి భాష వచ్చిందని ఇంటి భాషను తోసెయ్యలేదు వాళ్ళు. మనుషులకు చూపే మాటలను జర్మన్‌లోకి, ఫ్రెంచిలోకి అనువదించి పెట్టారు.

రెండోది డిస్కు చిక్కు. లినక్స్‌లో ఎక్స్‌ట్ అనే తరహా ఫైల్ సిస్టం కొత్తగా పెట్టేటప్పుడు, వేరే చెప్పకపోతే, మొత్తం చోటులో 5 శాతం రూట్ అనే యజమానికి అట్టిపెడతారు. 100 జీబీ డిస్కులో 5 జీబీ అట్లా పక్కన ఉంటుంది. ఇంకా ఎంత ఖాళీ ఉంది అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. యజమానికి ఉన్న ఖాళీ ఒకటి, మామూలు వాడుకరికి ఉన్న ఖాళీ ఒకటి. రెండూ నిజమే. పెళ్ళికి పెట్టిన డబ్బు పెట్టెలో ఉన్నా రేపటి సరుకులకు అది లేనట్టే కదా, అట్లా. చెక్ డిస్క్ ఏ ఖాళీని లెక్కపెట్టాలి, శాతం దేని మీద వెయ్యాలి అన్నది సులభంగా తేలే ప్రశ్న కాదు. ఆ అట్టిపెట్టిన భాగాన్ని కొలతల్లో చేర్చకుండా వదిలెయ్యడానికి తర్వాత ప్రత్యేకంగా ఒక ఆప్షను కూడా చేర్చారు.

మూడోది మీటరు చిక్కు. నెట్‌వర్కు పెట్టెల్లో ఎంత డేటా పోయిందో లెక్కించే మీటర్లు ఉంటాయి. పాత మీటర్లు 32 బిట్లవి. అవి 4,29,49,67,295 దాకా లెక్కపెట్టి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి. పాత స్కూటరు మీటరు నిండి తిరిగి సున్నాకు వచ్చినట్టు. సెకండుకు 100 మెగాబిట్ల లైను నిండుగా నడిస్తే ఆ మీటరు 6 నిమిషాల లోపల తిరిగిపోతుంది. 1 గిగాబిట్ లైనైతే 34 సెకండ్లే. 5 నిమిషాలకు ఒకసారి పోయి చూసి వచ్చే ప్లగిన్‌కు మధ్యలో మీటరు ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారి లేదు. అది చెప్పే అంకె చూడడానికి చక్కగా ఉంటుంది, కానీ తప్పు. దీనికి మందు 64 బిట్ల మీటరును చదవడమే. ఊరు పెరిగినప్పుడు పాత కొలపాత్రతో కొలవలేము.

నాలుగోది ఇరుక్కుపోయే చిక్కు. ఒక కంప్యూటరులోని ఫోల్డరును ఇంకో కంప్యూటరు నుంచి వాడుకునే ఏర్పాటు ఉంది. అసలు కంప్యూటరు పడిపోతే, ఇక్కడ ఆ ఫోల్డరు పేరు ఉంటుంది కానీ ముట్టుకున్న ప్రోగ్రాము ఇరుక్కుపోవచ్చు. చోటు చూడడానికి పోయిన కావలివాడే తలుపు దగ్గర చిక్కుకున్నట్టు. అట్లాంటివాటిని లెక్కలో చేర్చకుండా, బతికి ఉన్నాయా లేదా అని మాత్రం తట్టి చూసే వీలును చెక్ డిస్క్‌కు చేర్చారు.

ఇవన్నీ ఎవరు సరిచేశారు? ఎక్కువగా మనకు పేర్లు తెలియని వాళ్ళు. ఎవరో ఒకరికి రాత్రి రెండు గంటలకు తప్పుడు ఎరుపు వచ్చి నిద్ర పాడవుతుంది. ఇంకొకరికి రావలసిన ఎరుపు రాకపోవడంతో తెల్లవారి ఆఫీసులో చివాట్లు పడతాయి. వాళ్ళు కూర్చుని ప్లగిన్‌ను తెరిచి చూస్తారు. ఇది ఓపెన్ సోర్స్ కాబట్టి తెరిచి చూడవచ్చు. తప్పు ఎక్కడుందో పట్టుకుని, నాలుగు వరుసలు మార్చి బృందానికి పంపుతారు. బృందంలో ఒకరు చదివి, ఇంకో రకం కంప్యూటరులో ఇది పాడవుతుందేమో చూసి చేర్చుకుంటారు. అదే తప్పు మళ్ళీ రాకుండా చూసే పరీక్షలను కూడా ప్రోగ్రాముతోపాటే పెట్టారు.

తప్పును చెప్పడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "పని చెయ్యలేదు" అంటే చాలదు. ఏ వెర్షన్, ఏ ఆజ్ఞ ఇచ్చాము, ఏం వస్తుందనుకున్నాము, ఏం వచ్చింది అన్న నాలుగూ చెప్పాలి. మాట పెంచి వివరంగా చెప్పు అని ప్లగిన్‌నే అడిగే ఆప్షను ఉంది. ఆ వివరాన్ని జతచెయ్యాలి. మేము ఆఫీసులో చూసిన మంచి ఫిర్యాదు కాగితాలన్నీ ఇట్లాగే ఉండేవి. తేదీ, బండి నంబరు, రసీదు నంబరు ఉన్న ఫిర్యాదు ఫైలులో కదులుతుంది. ఆవేశం మాత్రమే ఉన్న ఫిర్యాదు అక్కడే పడి ఉంటుంది.

ఇప్పుడు పేరు తగవు.

2007లో గాల్‌స్టాడ్ నాగియోస్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ పెట్టాడు. 2009 మే నెలలో కొందరు డెవలపర్లు నాగియోస్ నుంచి చీలి ఐసింగా అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. అది ఆఫ్రికాలోని జూలూ భాష మాట, వెతికి చూస్తుంది అని అర్థం. అదే సంవత్సరం షింకెన్ అనేది పైథాన్ భాషలో వచ్చింది. కంట్రోల్ ఆఫీసులు వేరు పడ్డాయి కానీ అందరూ పిలిచింది అవే ప్లగిన్లను. ఎందుకంటే ఒప్పందం 0, 1, 2, 3 మీద ఉంది, పేరు మీద లేదు. తర్వాత వచ్చిన సెన్సు వంటివి కూడా అవే అంకెలను అనుసరించాయి.

2014 జనవరిలో ప్లగిన్ల బృందం వాడుతున్న వెబ్ చిరునామా వాళ్ళ చేయి దాటింది. ఆ చిరునామా నాగియోస్ ఎంటర్‌ప్రైజెస్ సర్వర్ల వైపు తిరిగింది. తమకు ముందుగా చెప్పలేదని బృందం ప్రకటించింది. నాగియోస్ అన్న పేరు మీద ట్రేడ్‌మార్కు ఆ కంపెనీది. చట్టం వరకు పేరుకు యజమాని ఉన్నాడు. ఏళ్ళుగా తప్పులు వెతికి సరిచేసిన చేతులు వేరే ఉన్నాయి. రెండూ ఒకటే అని ఆ రోజు దాకా చాలామంది అనుకున్నారు.

బృందం ఏం చేసింది? కోర్టు మెట్ల దగ్గర కూర్చోలేదు. పేరు వదిలేసి పని పట్టుకుంది. తమ ప్రాజెక్టుకు మానిటరింగ్ ప్లగిన్స్ అని కొత్త పేరు పెట్టుకుని, అదే 2014లో 2.0 వెర్షన్ విడుదల చేసింది. డెబియన్ అనే పెద్ద లినక్స్ పంపిణీ తన ప్యాకేజీ పేరును దాని ప్రకారం మార్చుకుంది. కంపెనీ పాత పేరుతో నాగియోస్ ప్లగిన్స్‌ను వేరుగా నడుపుతూ వచ్చింది. ఒకే తల్లి వేరు నుంచి రెండు కొమ్మలు. లైసెన్సు జీపీఎల్ కాబట్టి ఎవరూ ఎవరి కోడ్‌నూ లాక్కోలేరు, దాచుకోలేరు. పేరుకు గట్టు వెయ్యవచ్చు కానీ నీళ్ళకు వెయ్యలేకపోయారు.

ఇందులో ఎవరిది ధర్మం అని తీర్పు చెప్పడానికి మేము రాలేదు. పెట్టుబడి పెట్టి పేరు నిలబెట్టినవాడికీ ఒక న్యాయం ఉంటుంది. కానీ ఈ సంఘటన నుంచి సంఘాలు నడిపే మనబోటి వాళ్ళు నేర్చుకోవలసింది ఒకటి ఉంది. చిరునామా, పేరు, రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా ఎవరి చేతిలో ఉన్నాయో స్నేహంగా ఉన్న రోజుల్లోనే రాసి పెట్టుకోవాలి. పని చేసేవాళ్ళకు ఆ రాతలో చోటు ఉండాలి. తగవు వచ్చాక రాసుకోవడానికి కాగితం దొరకదు.

చీలిక వచ్చిన ఏడాదే ఇంకొకటి జరిగింది. కావలి పని ఒకసారి చేసి వదిలేసేది కాదని అది చూపిస్తుంది. చెక్ డిహెచ్‌సిపి అనే ప్లగిన్‌కు చేసే పనిని బట్టి రూట్ అధికారం, అంటే యజమాని అధికారం ఇచ్చి పెడతారు. ఆ ప్లగిన్‌కే, కావలసిన ఆప్షన్లను ఒక ఫైలు నుంచి చదువుకో అని చెప్పే వీలు ఉంది. ఈ రెండూ విడివిడిగా మంచివే. కలిసినప్పుడు చిక్కు వచ్చింది. మామూలు వాడుకరి తనకు చదివే హక్కు లేని ఫైలు పేరు చెప్పి దీన్ని చదవమంటే, ఇది యజమాని అధికారంతో తెరిచి అందులోని సంగతులు బయటపెట్టేది. పాస్‌వర్డు ఉన్న ఫైలైతే ఇక చెప్పేదేముంది. దీనికి సివిఇ-2014-4701 అని నంబరు పడింది. నాగియోస్ ప్లగిన్స్ 2.0.2 వెర్షన్‌లో సరిచేశారు.

కానీ ఆ సరిచెయ్యడంలోనే ఇంకో సందు మిగిలింది. ఫైలు తెరిచే ముందు, అడిగినవాడికి హక్కు ఉందా అని చూస్తుంది. చూడడానికీ తెరవడానికీ మధ్య రెప్పపాటు వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో ఫైలును మార్చి పెట్టేస్తే? గేటు దగ్గర టికెట్టు చూపించినవాడు ఒకడు, లోపలికి దూరినవాడు ఇంకొకడు అయినట్టు. దానికి సివిఇ-2014-4703 అని మళ్ళీ నంబరు పడింది, మళ్ళీ సరిచేశారు. మొదటిసారి సరిచేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. సరిచేసినదాన్ని కూడా ఇంకొకరు తట్టి చూడాలి, అంతే. కావలివాడికి ఎంత అధికారం ఇస్తే వాడి మీద అంత కన్ను ఉంచాలి. తెరిచిన కోడ్ కాబట్టి ఆ రెండో కన్ను ఎవరిదైనా కావచ్చు.

చివరగా మన సంగతి. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఎక్కడ చూసినా మనవాళ్ళు తరాలుగా ఇట్లాంటి పనులే ఎక్కువ చేశారు. గుమాస్తా, కీమ్యాన్, కరణం, కాలవ కావలి, మిల్లులో ఫిట్టరు. పేరు పలకమీద ఎక్కే పనులు కావవి. మనలను పిలిచే పేర్లు ఊరికో తీరుగా మారాయి. మా తరం చదువు తమిళంలో సాగింది, మా పిల్లలది ఇంగ్లీషులో. పేరు మారినా లెక్క తప్పనివ్వకుండా చూసిన చేతులు ఉన్నంతకాలం ఆ పని నిలిచింది. మానిటరింగ్ ప్లగిన్స్ వాళ్ళ కథలో మాకు కనబడింది అదే.

కాబట్టి రాత్రి డ్యూటీ చేసే పిల్లలకు ఒక మాట. మీరు రోజూ వాడే ప్లగిన్‌లో తప్పు కనబడితే పక్కదారి చూసుకుని వదిలెయ్యకండి. నాలుగు వివరాలూ రాసి పంపండి. వీలుంటే సరిచేసి పంపండి. జీతం రాదు, సన్మానం ఉండదు. కానీ మీకు తెలియని ఊళ్ళో, మీకు తెలియని ఆసుపత్రిలో ఒక డిస్కు నిండకముందే పసుపు దీపం వెలుగుతుంది.

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుంటాడట అని ఇకమీద అనకండి. వాడు కీమ్యాన్, బీటు నడుస్తున్నాడు.

సంఘానికి ఒక మాట. ఏ ఊరి శాఖ నుంచైనా కబురు రాకపోతే అక్కడ అంతా బాగుందని గడిలో సున్నా వెయ్యకండి. ఎన్ని ఇళ్ళలో తెలుగు మాట ఉంది, ఎందరు పిల్లలకు అక్షరాలు వచ్చు అని అడిగితే, తెలియకపోతే తెలియదు అనే రాయండి. ఆ నారింజ రంగు చూసి ఎవరో ఒకరు పోయి చూసి వస్తారు. పచ్చ పూసి పెడితే ఎవరూ పోరు.

మీ ఇళ్ళలో ఈ పని చేసే పిల్లలు ఉంటే ఇది చదివి వినిపించండి. ఎక్కడైనా సాంకేతికంగా ఇంకా బాగా చెప్పవచ్చు అనిపిస్తే కింద రాయమనండి. తప్పు చెప్పేవాళ్ళకు ఈ పేజీలో ఎప్పుడూ చోటు ఉంటుంది.